సోచా నది - ఇరువురు కవులు

స్లొవేనియాలోని త్రెంతా లోయలో బుట్టి, ఇటలీలో బ్రవేశించి, ఏడ్రియాటిక్ సముద్రమున గలియు నదికి రెండు పేర్లు గలవు. స్లొవేనులకది సోచా, ఇటాలియనులకు ఇసొంజొ. 1915 జూన్ మొదలు 1917 నవంబరు వఱకు ఈ తీరమున ఇటలీకిని, ఆస్ట్రియా-హంగరీకిని పండ్రెండు యుద్ధములు జరిగెను. ఈ నదిపై రెండు భాషలలో వెలసిన రెండు ఖండికలను గలిపి చదువవలయునని నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

మొదటిది సిమోన్ గ్రెగొర్చిచ్ (1844-1906) 1879లో రచించిన 'సోచా నదికి' అనునది. ఈ కవి ఆ లోయలోని వర్‌స్నో గ్రామమున జన్మించి, కోబరీద్‌లో క్రైస్తవ మతాచార్యుడుగా బనిచేసెను. ఖండిక పూర్వభాగమున నది కొండలు దిగివచ్చు కన్నె. మైదానము జేరగానే యామె నడక మందగించును. దానికి గారణము శోకమని కవి యూహ. పిదప నచట జరుగబోవు రక్తపాతమును వర్ణించి, గట్లు తెంచుకొని పొంగి, భూదాహముగల పరదేశీయులను ముంచివేయుమని నదిని వేడును.

ముప్పదియాఱు వత్సరములకు యుద్ధము వచ్చుటచే దీనిని జోస్యముగా బ్రశంసించుట కలదు. ఈ ప్రశంస కవికి న్యాయము చేయదు. 1866లో వెనీషియా ప్రాంతము ఇటలీలో జేరినపుడు స్లొవేను భాష మాటాడు పల్లెలు కొన్ని సరిహద్దున కావల బడెను. ఆ సరిహద్దు కోబరీద్‌కు దూరము కాదు. కవి క్రాంతదర్శి యగుట నిజమే. కాని యా దర్శనమునకు మూలము దివ్యదృష్టి కాదు, పొరుగు పల్లెల గతి నెఱిగిన కన్ను. జోస్యమన్నచో నాతని భయమునకుగల చారిత్రక హేతువు మఱుగుపడును.

రెండవది జుసెప్పె ఉంగరెత్తి 1916 ఆగస్టులో రచించిన 'నదులు'. 1888లో అలెగ్జాండ్రియాలో జన్మించిన యీతడు ఇటలీ సేనలో సామాన్య సైనికుడు. ఇసొంజొ నీట స్నానమాడి, తాను సృష్టిలో నొదిగిన యంశమని గుర్తించి, పూర్వుల సెర్కియొను, బాల్యపు నైలును, యౌవనపు సీనును స్మరించును.

ఇచట విమర్శకుడు తప్పించుకొనరాని చిక్కు గలదు. గ్రెగొర్చిచ్ పరదేశీయుల జాతిని బేర్కొనలేదు. అయినను 1915లో నది దాటవచ్చినది ఇటలీ సేనయే. మునుగవలసిన పరదేశీయుడే ఈ స్నానమాడినవాడు! నది యతనిని ముంపలేదు, ఊరడించెను. దీనినిబట్టి రెండవ ఖండిక విశ్వమానవతకును, మొదటిది సంకుచిత జాత్యభిమానమునకును ఉదాహరణములని తీర్పు చెప్పుట సులభము, కాని తొందరపాటు. 1920లో రపాల్లొ సంధిచే నదీప్రాంతమంతయు ఇటలీ కధీనమయ్యెను. 1923 నుండి పాఠశాలలలో స్లొవేను భాష క్రమముగా దొలగింపబడెను. 1947లో ఎగువ ప్రాంతము యుగోస్లావియాకు జెందువఱకు గ్రెగొర్చిచ్ భయము కల్పన కాదు.

ఉంగరెత్తికి ఇసొంజొ నాలుగు నదులలో నొకటి. గ్రెగొర్చిచ్ ఖండికలో సోచాకు బదులు వేఱొక నది లేదు. ఆ శాంతికిని, ఈ యాగ్రహమునకును మూలమీ భేదమే. కావున యుద్ధకవిత్వమును బోధించువారు ఒక స్వరము నాదర్శముగా నిలిపి, రెండవదానిని దోషముగా జూపరాదు. నది యొక్కటియే, గట్లు రెండు.