‘ఫీలవు’ క్రియ: అర్థ పరిణామం, ప్రయోగ విచారణ

తెలుగులో ఆంగ్లపదాల వాడుకను గురించిన చర్చ తరచు వాటి సంఖ్య దగ్గరే ఆగిపోతున్నది. వచ్చిన పదం ఇక్కడ ఏ అర్థంలో స్థిరపడింది, ఎలాంటి వాక్యంలో ఇమిడింది అన్న ప్రశ్నలకు తగిన స్థానం దక్కడం లేదు. ఈ ప్రశ్నలను పరీక్షించడానికి ‘ఫీల్’ అనువైన ఉదాహరణ. ఆంగ్లం నుంచి వచ్చిన ఈ మాట తెలుగులో ‘అనుకొను’ క్రియ వేసిన బాటలో నడిచి కొత్త అర్థాలను సంపాదించుకున్నదని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

ఆంగ్లంలో ఈ క్రియకు ప్రాచీన దశ నుంచీ స్పర్శతో సంబంధం ఉంది. తాకి చూడటం, చలి, నొప్పి వంటివి తెలియడం, సుఖదుఃఖాలు కలగడం, అభిప్రాయపడటం దాని ప్రధానార్థాలు. మనఃస్థితిని చెప్పేటప్పుడు ఆ స్థితి ఏదో తెలిపే మరో పదం సాధారణంగా దాని వెంట రావాలి. అది సంతోషమో విచారమో క్రియ తనంతట తాను చెప్పదు.

తెలుగులో ఈ పదం ‘అవు’ను చేర్చుకొని క్రియ అయింది. ‘ప్రారంభమవు’, ‘నాశనమవు’ అంటూ సంస్కృత పదాలను ఇముడ్చుకున్న పద్ధతే ‘పాసవు’, ‘ఫెయిలవు’, ‘ఫీలవు’లలోనూ కనిపిస్తుంది. అర్థాలన్నీ మాత్రం వెంట రాలేదు. ‘నాకు చలి వేస్తోంది’ అనే చోట వాడుక ఈ క్రియను సాధారణంగా స్వీకరించదు. శరీరానుభవాన్ని చెప్పే ‘నాకు’ తరహా వాక్యం చెక్కుచెదరలేదు. మరోవైపు ‘అతను ఫీలయ్యాడు’ అంటే చాలు, నొచ్చుకున్నాడని అర్థమవుతుంది. ఆ స్థితిని చెప్పే వేరే పదం అక్కరలేదు. ఆంగ్లంలో తటస్థంగా ఉన్న క్రియకు ఇది స్పష్టమైన అర్థసంకోచం.

ఈ సంకోచం యాదృచ్ఛికం కాదు. కటువైన మాట చెప్పబోతూ ‘ఏమీ అనుకోకండి’ అనడం తెలుగువారి మర్యాద. ఆలోచనను మాత్రమే చెప్పవలసిన ‘అనుకొను’ ఇక్కడ నొచ్చుకోవడాన్ని సూచిస్తుంది. ‘ఏమీ ఫీలవకండి’ అచ్చంగా ఈ మూసలోదే. ‘తాను పెద్ద హీరో అనుకుంటున్నాడు’ అనే ఆక్షేపణకు ‘హీరోలా ఫీలవుతున్నాడు’ సమాంతరం. ఇలా రెండు ముఖ్యార్థాలకూ దేశీయమైన మాతృక ఒకటే.

అయితే పాత క్రియ ఉండగా కొత్తది ఎందుకు నిలిచింది? ‘అతను అనుకున్నాడు’ అన్నంత మాత్రాన నొచ్చుకున్నాడనే అర్థం రాదు. ఆ ఛాయకు ‘ఏమీ’, ‘తప్పుగా’ వంటి పదాల తోడు కావాలి. ‘ఫీలవు’కు ఆ తోడు అవసరం లేదు. ‘బాధపడ్డావా?’ అని అడిగితే బాధ అనే మాట బయటపడుతుంది. దానికి కారణమైన తప్పును ఒప్పుకోవలసిన సందర్భమూ ఏర్పడుతుంది. ‘ఫీలయ్యావా?’ అనే ప్రశ్న అంత దూరం పోదు. నొప్పికి పేరు పెట్టకుండా పలకరించే వెసులుబాటే ఈ పదానికి బలం.

ఈ స్థితిని గురజాడ ‘కన్యాశుల్కం’తో పోల్చవచ్చు. 1897లో అచ్చయి, 1909లో మార్పులతో వెలువడిన ఆ నాటకంలో గిరీశం ఆంగ్లం అతని డాంబికానికి గుర్తు. అది పరభాషగా వినపడితేనే హాస్యం పండుతుంది. ‘ఫీలవు’ పలికేవారికి అలాంటి ప్రదర్శన అక్కరలేదు, ఆంగ్లం రావలసిన పనీ లేదు. కాబట్టి ఇలాంటి పదాలను నిఘంటువులో చేర్చేటప్పుడు ఆంగ్లార్థాలను ఎత్తి రాస్తే చాలదు. ‘నొచ్చుకొను’, ‘తన్ను గొప్పగా ఎంచుకొను’ అనే తెలుగు అర్థాలను ప్రయోగాలతో సహా ఇవ్వాలి. ఈ పాత్రోచిత సంభాషణను ఆంగ్లంలోకి అనువదించేవారు కూడా అదే పదాన్ని తిరిగి పెడితే అర్థం తప్పుతుంది.

నామవాచకం సంగతి వేరు. ‘పాటలో ఫీల్ ఉంది’ అన్నప్పుడు అది మెప్పు. క్రియలో నొప్పి వైపు మొగ్గిన అర్థం నామంలో ప్రశంస వైపు మొగ్గింది. ఇక్కడ విమర్శకులకు జాగ్రత్త అవసరం. శోకాన్నీ, రతినీ, ఉత్సాహాన్నీ వేర్వేరు స్థాయీభావాలుగా విడదీసి చూపిన అలంకారశాస్త్ర వారసత్వం మనది. ఆ విభజన చేయవలసిన చోట ‘ఫీల్’ అని ఊరుకుంటే, కలిగిన భావమేదో, అది దేనివల్ల కలిగిందో చెప్పవలసిన బాధ్యత దాటిపోతుంది. పేరు పెట్టకపోవడం పలకరింపులో సౌమ్యత కావచ్చు. విమర్శలో మాత్రం అది లోపమే.