వినే ఫోను చాలు

పెద్దవాళ్లకి ఫోను రాదని తేల్చేయడం మనకి అలవాటైపోయింది. శ్రీకాకుళం జిల్లా భావనపాడు ఒడ్డున ఒక పూట కూర్చుంటే ఆ మాట అంత ధీమాగా అనలేం. అక్కడ వల బాగుచేసుకుంటూ కనబడే డెబ్భై దాటిన తాతకి అక్షరం ముక్క రాదు. కానీ మహేంద్రగిరిని కొండగుర్తుగా పట్టుకుని ఒడ్డుకి చేరినవాడు, తరవాత వైర్‌లెస్ సెట్టులో మాట్లాడినవాడు, జీపీఎస్ చేతికొస్తే దాన్నీ వాడినవాడు. అలాంటి మనిషి మనవడి టచ్ ఫోను చూసి ‘నాకెందుకురా అది’ అన్నాడంటే భయపడ్డాడని నేననుకోను. బేరం నచ్చలేదు, అంతే.

నచ్చిన చోట ఎంత చక్కగా వాడతారో చూడాలి. ఈ తీరం కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కి వేట పనికి పోయి నెలల తరబడి అక్కడే ఉంటారు. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు పాకిస్థాన్‌కి చిక్కారు. వాళ్లలో 20 మంది 2020 జనవరికి గానీ విడుదల కాలేదు. కొడుకు అంత దూరాన నీళ్లమీద ఉంటే ఫోనులో చార్జింగు అయిపోవడం తల్లికి చిన్న సంగతి కాదు.

నాకు తెలిసిన ఒక పెద్దావిడ వాట్సాప్‌లో రోజూ మాట పంపుతుంది. మైకు బొమ్మ మీద వేలు అదిమిపెట్టి, ఫోను పెదాలకి ఆనించి, ‘నానురా, అమ్మని’ అని మొదలెట్టి, ‘ఉంతాను మరి’ అని ముగిస్తుంది. పేర్లు చదవలేదు, ఫొటోలు గుర్తుపడుతుంది. ఒకసారి కొడుకు తన ఫొటో తీసేసి సినిమా హీరోని పెట్టుకున్నాడు. ‘నీ ముకం తీసేసి ఆడినెందుకెట్టినావురా, నిన్నెక్కడని ఎతకాల?’ అని దులిపేసింది. న్యాయమే కదా. ఆవిడకి ఆ బొమ్మే వాడి అడ్రసు.

చేపలమ్మే ఆడవాళ్లూ అంతే. డబ్బు పడగానే తెలుగులో బిగ్గరగా చెప్పే సౌండ్ బాక్సు వచ్చాక, మెసేజీ చదివి పెట్టమని పక్కవాళ్లని బతిమాలే పని లేకుండా పోయింది. మాట్లాడే యంత్రాన్ని మా పెద్దవాళ్లు ఎప్పుడూ కాదనలేదు. చదవమనే యంత్రంతోనే పేచీ.

హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 1999 నుంచి సముద్రం మీద పనిచేస్తోంది. నీటి వేడిమినీ, ఆకుపచ్చదనాన్నీ ఉపగ్రహాలతో చూసి, చేపలు ఏ దిక్కున, ఎంత లోతులో దొరకొచ్చో తెలుగులోనూ చెబుతుంది. పెద్దవాళ్లు దాన్ని కుర్రాళ్ల చేత చదివించుకుని వింటారు. విన్నాక నీటి రంగూ గాలీ తమ కళ్లతో ఇంకోసారి చూసుకుంటారు. అందులో తప్పేముంది? పైగా అన్ని వేళలా ఫోను మీదే ఆధారపడలేం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ జిల్లాని ఊడ్చేసినప్పుడు కరెంటూ పోయింది, సిగ్నలూ పోయింది. చార్జింగు పెట్టుకునే దిక్కు లేని ఊళ్లలో వేల రూపాయల ఫోనుకన్నా బ్యాటరీ రేడియో నయం.

నేర్పేవాళ్లతోనూ చిక్కుంది. అవ్వ అడగగానే మనవడు ఫోను లాక్కుని, నాలుగు నొక్కులు నొక్కి, ‘అయిపోయింది’ అని ఇచ్చేస్తాడు. పని అవుతుంది, అవ్వకి మాత్రం ఏమీ రాదు. నేర్పేటప్పుడు ఫోను ఆవిడ చేతిలోనే ఉండాలి, మన చేతులు మన ఒళ్లో ఉండాలి. ఇది చెప్పినంత సుళువు కాదు, ఓపిక చచ్చిపోతుంది. ఆవిడ నేర్చుకున్నాక ఆ యాప్ కొత్త రూపు దాల్చి, బొత్తాం ఇంకెక్కడికో పోతుంది. ఆ తిట్లు తినేది మళ్లీ మనమే.

ఇక ఓటీపీ. ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు మెసేజీ పంపుతుంది, అదీ ఇంగ్లిషులో. ఏ ఆఫీసు కౌంటరుకి వెళ్లినా ‘నంబరొచ్చింది, చెప్పవ్వా’ అంటారు. ఈ రెండిట్లో ఏది నమ్మాలని మా పెద్దావిడ కొన్నాళ్లు సతమతమై, చివరికి తనే ఒక కట్టుబాటు పెట్టుకుంది: ‘ఎదురుగున్నోడికి సెప్తాను. పోన్లో అడిగినోడికి తిట్లెడతాను.’ ఎదుటివాడు కూడా మోసగాడు కావచ్చు గానీ, వాణ్ని కనీసం మొహం చూసి తూచుకోవచ్చు. ఫోను దొంగల విషయంలో మాత్రం ఆవిడ పద్ధతికి తిరుగులేదు. మధ్యలో ఒక నిజం బ్యాంకు ఉద్యోగి కూడా ఆ తిట్లు తిన్నాడట. పాపం, అతను ఓటీపీ అడగనేలేదు.