మగ్గం ఎంత దూరం?

భువనగిరిలో కండ్ల క్లినిక్‌కు వెళ్లినప్పుడల్లా నాకు డాక్టరు గదికంటే దాని ముందుండే మసక గది మీదే మనసు. నంబరు చూసే గది అది. మా చిన్నమ్మను తీసుకెళ్లిన రోజు అక్కడి కుర్రాడు ఆమె ముక్కు మీద బరువైన ట్రయల్ ఫ్రేము పెట్టాడు. అద్దాలు వేస్తూ తీస్తూ “ఇది మంచిగుందా, ముందుగాల్దా?” అని ఓపిగ్గా అడిగాడు. దూరపు అక్షరాలు తేలాక చదివే కార్డు చేతికిచ్చాడు. చిన్నమ్మ గడగడా చదివేసింది. పనైపోయిందని నేను లేవబోయాను. అతను మాత్రం ఫ్రేము తీయలేదు.

“ఏం పని చేస్తవమ్మా?”

“మగ్గం పని బిడ్డా. పోచంపల్లి చీరెలు.”

“మగ్గం మీద కూసున్నట్టే కూసొని చేతులు చాపు. బట్ట యాడుంటది?”

చాపింది. కార్డు పట్టుకున్న చోటికి ఇంకో జానెడు అవతల ఆగాయి చేతులు. అతను టేపుతో కొలిచి అద్దం మార్చాడు.

నలభై దాటాక కంట్లోని కటకం బిరుసెక్కి దగ్గరి వస్తువు మీద చూపు కుదరదు. చత్వారం అంటాం. అది రోగమేం కాదు, అందరికీ వచ్చేదే. కానీ అద్దానికో దూరం ఉంటుంది. కటకం పూర్తిగా బిరుసెక్కిన కంటికి 40 సెంటీమీటర్ల దూరంలో పేపరు చదవాలంటే ప్లస్ రెండున్నర కావాలి. 60 సెంటీమీటర్ల దూరంలో పనికి ఒకటిన్నర, ఒకటీ ముప్పావు మధ్యలో ఉంటే చాలు. పేపరు నంబరుతో మగ్గమెక్కిన మనిషికి పేక అలుక్కుపోయినట్టుంటుంది. ముందుకు వంగుతుంది, మెడ పట్టేస్తుంది, నాలుగో రోజు అద్దాలు గోడ మేకుకు ఎక్కుతాయి. అడిగితే “అవి నాకు పడలే” అంటుంది. అదే ఇంట్లో రంగులద్దడానికి దారానికి ముడులు కట్టే మనిషిది ఇంకో లెక్క. ఆ పని కంటికి బాగా దగ్గర. ఇద్దరికీ ఒకే వయసుండొచ్చు, ఒకే జత అద్దాలు మాత్రం పనికిరావు.

పడుగుకూ పేకకూ రెండింటికీ రంగు కట్టే డబుల్ ఇక్కత్‌లో ఈ తేడా బట్ట మీదే కనిపిస్తుంది. పడుగు మీది రంగూ పేక మీది రంగూ ఒకదాని మీదొకటి కూర్చోవాలి, దారం పక్కకు జరిగితే పువ్వు అంచు చెదురుతుంది. ఆసు పోసే, అంటే మేకుల చుట్టూ దారం తిప్పే ఆడవాళ్ల భుజాల నొప్పికి మా జిల్లా చింతకింది మల్లేశం యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. కంటికి కావలసిన యంత్రం ఎప్పటినుంచో ఉంది, రెండు గాజుముక్కలు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన సుమారు 750 మంది కూలీల మీద జరిగిన పరిశోధన 2018లో అచ్చయింది. దగ్గర చూపు అద్దాలు పెట్టుకున్నవాళ్ల ఆకు కోత, పెట్టుకోనివాళ్లతో పోలిస్తే 21 శాతానికి పైగా ఎక్కువగా పెరిగింది. చీరెల లెక్క ఎవరైనా కడితే బాగుండు.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ ‘కంటి వెలుగు’ పథకం, 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైన దాని రెండో విడత ఊరూరా ఈ పరీక్షను గడపలోకి తెచ్చాయి. చత్వారం అద్దాలు ఉచితంగా ఇచ్చాయి. గొప్ప పనే. కాకపోతే వరుస ఎంత పొడుగైతే, “ఏం పని చేస్తవ్?” అని అడిగే తీరిక అంత తగ్గుతుంది. బస్టాండు దగ్గర బండి మీద అద్దాలమ్మేవాడు ఎలాగూ అడగడు.

ఆ ప్రశ్న నంబరుతోనే ఆగదు. “ఇప్పుడు అద్దాల్లేకుండనే సూదిల దారం ఎక్కిస్తున్న” అని మురిసిపోయే అరవై దాటిన పెద్దమ్మలుంటారు. చాలాసార్లు అది మోతిబిందు మొదలైన గుర్తు. కటకం మధ్యభాగం గట్టిపడుతుంటే దూరపు చూపు తగ్గి, దగ్గరి చూపు కొన్నాళ్లు బాగుపడ్డట్టు ఉంటుంది. షుగర్ ఎక్కుతూ దిగుతుంటే కూడా నంబరు మారుతుంది. అది అదుపులోకి రాకముందే చేయించిన అద్దాలు నెల తిరక్కుండానే దండగవుతాయి. మోతిబిందు ఆపరేషన్లో పెట్టే మామూలు కటకానికి ఒకటే దూరం. ఎక్కువగా దూరపు చూపుకే లెక్కకట్టి పెడతారు, దగ్గరికి అద్దాలు తప్పవు. మనిషి పనిని బట్టి ఆ లెక్క మార్చుకోవచ్చు. కానీ ఆ మాట కన్ను కొలిచే రోజే అడగాలి, పట్టీ విప్పాక అడిగి లాభం లేదు.

నీటికాసులు మాత్రం ఈ ప్రశ్నలకు దొరకవు. ఆ జబ్బు ఎక్కువమందిలో నొప్పి లేకుండా పక్కచూపును తినుకుంటూ వస్తుంది. కంటి ఒత్తిడి చూడాలి, వెనుక నరం చూడాలి. నలభై దాటినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా ఉన్నవాళ్లు ఊరికే పోయి చూపించుకోవాల్సిందే.

వరికోతలప్పుడు డాక్టరు ముందుగా అడిగేది వేరే ప్రశ్న: “వచ్చేముందు ఏం మందేసినవ్?” వరి ఆకు గీసుకుంటుంది, పొట్టు పడుతుంది, కన్ను ఎర్రబడుతుంది. మెడికల్ షాపులో ఎరుపు తగ్గే చుక్కలడిగితే కొన్నిచోట్ల స్టెరాయిడ్ ఉన్నది చేతిలో పెడతారు. ఎరుపు తగ్గి హాయిగానే ఉంటుంది. లోపల నల్లగుడ్డు మీది పుండులో బూజు జాతి క్రిమి ఉంటే అది ఆ చుక్కలతో బలిసిపోతుంది. దాని మందు నాటమైసిన్, అది గంటగంటకూ వేయాల్సి రావొచ్చు, నయం కావడానికి వారాలు పడుతుంది. మచ్చ మిగిలితే జనం “పువ్వు పడింది” అంటారు. ఆకు పసర్లు, చనుబాలు పోసేవాళ్ల సంగతి ఇక చెప్పను, అది వేరే వారం కాలమ్.

క్లినిక్‌కు పోయేముందు ఇంట్లోనే ఎవరితోనైనా టేపు పట్టించండి. కూర్చుని పనిచేసేటప్పుడు కంటి నుంచి బట్ట దాకా, కంటి నుంచి కుట్టుమిషను సూది దాకా, మీ పనేదైతే దానిదాకా. ఆ అంకె చీటీ మీద రాసుకోండి. వాడిన చుక్కల సీసా కూడా సంచిలో వేసుకోండి. ఖాళీదైనా పర్వాలేదు, లేబులుంటే చాలు.