దేవుని బిడ్డది ఏ గట్టు?

మన గూడేల్లో ఇప్పుడు ఎక్కువగా వినిపించే ఆత్మకథ సాక్ష్యం. ఉపవాస కూడికల్లో చెబుతారు, కరపత్రాల్లో అచ్చువేస్తారు, ఫోన్లలో పంచుకుంటారు. ఆదివాసీ యువతీయువకులు 'నేను' అని మొదలుపెట్టి తమ బతుకును తామే చెప్పుకునే చోటు మరొకటి పెద్దగా లేదు. అందుకే సాక్ష్యాన్ని సాహిత్యంగానే చదవాలి. అలా చదివితే ఒక లోపం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చెప్పేవాళ్లు వేరు, ఊళ్లు వేరు, కథ మాత్రం ఒకటే. సారా, జబ్బు, పూజారి చుట్టూ తిరగడం, చీకటి. ఆ తర్వాత ప్రార్థన, బాప్తిస్మం, వెలుగు. చివరికి 'ఇక నేను కోయను కాను, దేవుని బిడ్డను' అనే ధోరణిలో ముగుస్తుంది. మొదటి సగంలో గూడెం మొత్తం చీకటి పద్దులోకి పోతుంది. విత్తనాల పండగ, రేలపాట, నాయనమ్మ చెప్పిన వేల్పుల కథ, అన్నీ సారాతో కలిపి ఒకే గంపలో పారబోస్తారు.

రెండో సగం మీద నాకు పేచీ లేదు. షావుకారు దగ్గర, ఆఫీసు గుమ్మం దగ్గర 'ఒరే' అనిపించుకున్న మనిషిని, 'అడవోళ్లు' అని తరగతిలో నవ్వులపాలైన పిల్లను 'నువ్వు దేవుని బిడ్డవి' అన్న మాట నిటారుగా నిలబెడుతుంది. దాన్ని తేలిగ్గా తీసేసే విమర్శకులు ఆ గుమ్మం దగ్గర ఎప్పుడూ నిలబడి ఉండరు. తెలంగాణ వైపు 'బిడ్డ' అంటే కూతురు. ఆ పిలుపు ఆడవాళ్ల చెవిన ఎలా పడిందో ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.

నా ప్రశ్న మొదటి సగం గురించే. దేవుని బిడ్డ కావాలంటే కోయబిడ్డ చచ్చిపోవాలా?

పౌలు తన పత్రికల్లో విశ్వాసి స్థితిని చెప్పడానికి దత్తత అనే మాటను ఐదుసార్లు వాడాడు. రోమా పత్రికలో మూడుసార్లు, గలతీ, ఎఫెసీ పత్రికల్లో ఒక్కోసారి. అది రోమన్ చట్టంలోని మాట. దత్తుడు పాత ఇంటి అధికారం కిందినుంచి బయటపడి కొత్త తండ్రికి పూర్తి వారసుడవుతాడు. తెలుగు చెవికి ఆ మాట ఇంకా గట్టిగా తగులుతుంది, ఎందుకంటే ఇక్కడ దత్తత అంటే గోత్రం మారడం, కన్నింటితో తెగతెంపులు. 1956 నాటి హిందూ దత్తత చట్టమూ అదే చెబుతుంది. (కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. మనది కాని దత్తతను కొలబద్దగా పెట్టుకుని మన గోత్రాలను కొట్టేసుకుంటున్నాం.)

ఆ మాటలో తెగతెంపులు ఉన్నమాట నిజమే. అయితే ఎవరితో? రోమా ఎనిమిదో అధ్యాయంలోనూ గలతీ నాలుగో అధ్యాయంలోనూ పౌలు కొడుకుకు ఎదురుగా నిలబెట్టింది బానిసను. ఒకప్పుడు బానిసవి, భయపడేవాడివి, ఇప్పుడు వారసుడివి అంటాడు. పుట్టిన తెగను అక్కడికి లాగలేదు. అదే రోమా పత్రిక పదకొండో అధ్యాయంలో తాను ఇశ్రాయేలీయుణ్ణని, బెన్యామీను వాణ్ణని చెప్పుకుంటాడు. తెలుగు బైబిలు అక్కడ వాడిన మాట 'గోత్రము'. క్రీస్తులో దత్తుడైన మనిషి తన గోత్రం పేరు చెప్పుకోవచ్చన్నమాట. కోయల్లో మూడో గట్టు, ఐదో గట్టు అని వంశాల లెక్క ఉంటుంది. అది చెప్పుకోవడానికి మాత్రం మనవాళ్లకు కూడికలో నోరు రాదు.

క్రీస్తులో యూదుడని గ్రీకువాడని లేదన్న గలతీ వచనాన్ని ఎదురు చూపిస్తారు. ఆ పత్రిక ఏ తగాదా మీద రాశాడో చూడాలి. యూదులు కానివాళ్లు దేవుని కుటుంబంలో చేరాలంటే సున్నతి చేయించుకుని యూదుల్లా మారాలని కొందరు పట్టుబట్టారు. అక్కర్లేదని చెప్పడానికే ఆ పత్రిక రాశాడు. ఇంకో జాతిలా మారనక్కర్లేదని వాదించిన పుస్తకాన్నే పట్టుకుని మనం మన జాతిని వదిలి మైదానపు తెలుగువాళ్లలా మారుతున్నాం, పేర్లతో సహా. గూడెంలో దానియేలు పేరు పెట్టుకున్నవాళ్లు చాలామంది. బబులోనులో అధికారులు బెల్తెషాజరు అని పేరు మార్చినా, ఆ గ్రంథం ఆయన్ను దానియేలనే పిలుస్తూ పోయింది!

పోయేదేమిటో చిన్నచూపు చూడకూడదు. ఒడిశా సవరల మధ్య దశాబ్దాల పాటు తిరిగిన మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ ఈ విషయం మీద రెండు పుస్తకాలు రాశాడు. మొదటిది 1993లో, రెండోది 2017లో వచ్చాయి. సవరల్లో చనిపోయినవాళ్లు షామన్ నోట మాట్లాడేవారు. బతికున్నవాళ్లు వాళ్లతో ఏళ్ల తరబడి పోట్లాడేవారు, ఏడ్చేవారు, రాజీపడేవారు. చివరికి ఆ పెద్దల పేరు ఇంట్లో పుట్టిన పసిబిడ్డకు వచ్చేది. అంటే 'నేనెవరు' అన్నదానికి జవాబు చచ్చిపోయిన మనిషి ఇచ్చి వెళ్లేది. పిల్లల తరం బాప్టిస్టులయ్యాక ఆ మాటామంతీ ఆగిపోయింది. చదువు వచ్చింది, కొత్త ధైర్యం వచ్చింది, పాత భయాలు పోయాయి. తల్లి చనిపోతే ఆమెతో మాట్లాడే దారి కూడా పోయింది. విటెబ్‌స్కీ రెండింటినీ చూశాడు, దేన్నీ దాచలేదు. సీతంపేట వైపు సవర టీచర్లు ఈ పుస్తకాలను తెలుగులోకి తెచ్చే ప్రయత్నం చెయ్యాలి. మన సాక్ష్యాల్లో లేనిది సరిగ్గా ఈ దుఃఖమే. వదిలేసినదాని విలువ చెప్పని సాక్ష్యం సగం సాక్ష్యమే అవుతుంది.

ఇందులో కాగితం చిక్కు కూడా ఉంది. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో, షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో ఉన్నట్టు, మతం షరతు లేదు. అయినా 2004లో చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు, మతం మారినంత మాత్రాన తెగ పోదంటూనే, ఆ మనిషి తెగ ఆచారాలతో ఇంకా బతుకుతున్నాడా లేదా అన్నది చూడాలంది. అన్నీ వదిలేశామని మైకులో గొప్పగా చెప్పే కుర్రాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు.

ఇంకొక్క మాట ఉంది. పౌలు గ్రీకులో రాస్తూ రాస్తూ, దేవుణ్ణి పిలవాల్సిన చోట 'అబ్బా' అన్న అరమేయిక్ మాటను అలాగే ఉంచేశాడు. అది ఇంటి మాట. తండ్రిని పిలిచేటప్పుడు అనువాదం పనికిరాదని ఆయనకు తెలిసినట్టుంది. చాలా గూడేల్లో మనం ఇంట్లో కోయలోనో కువిలోనో సవరలోనో మాట్లాడుకుంటాం, గుడిలోకి అడుగు పెట్టగానే తెలుగులో ప్రార్థిస్తాం, అదీ గ్రాంథిక తెలుగులో. సండే స్కూలు నడిపే టీచర్లు ఈ ఏడు పిల్లలచేత ఒక్కొక్క సాక్ష్యం ఇంటి భాషలో, తెలుగు లిపిలో రాయించండి. నాయనమ్మ పేరు, గట్టు పేరు, ఊరి వాగు పేరు అందులో ఉండాలి. వచ్చే సంకలనంలో వాటికి చోటు అడుగుదాం.