‘హయ్ ఇబ్నె యఖ్‌జాన్’: ప్రాణాన్వేషణ, ప్రాణిదయ

12వ శతాబ్దపు అందలూస్ వైద్యుడు ఇబ్నె తుఫైల్ రచించిన ఈ కథలో, నిర్జన ద్వీపంలో పెరిగిన హయ్ తనను సాకిన లేడి మరణించగా విలపించి, దాని రొమ్ము చీల్చి చూస్తాడు. గుండెలో ఎడమ గది ఖాళీ! అందులో ఉండినదేమిటో తెలుసుకొనగోరి, తరువాత బ్రతికి ఉన్న జంతువునే కట్టివేసి గుండె కోస్తాడు. వ్రేలికి కాలేటంత వేడి ఆవిరి తగులుతుంది. జంతువు తక్షణమే మరణిస్తుంది. దానిని గూర్చి ఒక్క విచారపు మాటైనా లేదు.

ఇదే హయ్ పిమ్మట పండు తిని విత్తనాన్ని రాళ్ళపాలు, చవిటినేల పాలు చేయడు. ఎండే మొక్కకు నీరు పోస్తాడు. ఏ జాతినీ అంతరింపనీయడు. ఎన్ని అవయవాలు కోసినా అబ్బని ఈ దయ, సృష్టికర్తను గుర్తించిన తరువాతనే అతనికి అలవడింది. గ్రంథానికి ఇదే ప్రాణం. అయినా ఆ దయ కట్టివేసిన జంతువును ఒక్కసారి కూడా తలచుకోదు. వైద్యుడైన గ్రంథకర్త ఇక్కడ మౌనం వహించడం ఆశ్చర్యమే.