చిక్కిపోయిన వాగులో స్పెక్ చేప

అట్లాంటా, షార్లెట్ వైపు ఉండే తెలుగువాళ్లకు గ్రేట్ స్మోకీ పర్వతాలు బాగా తెలిసిన చోటే. కారులో నాలుగు గంటలు వెళ్లి, దారి పక్కన వాగు కనిపించిన చోట ఆగి, పిల్లలతో కాళ్లు తడుపుకుని వస్తారు. అదే వాగు పట్టుకుని ఎగువకు, తారు రోడ్డు చప్పుడు వినిపించనంత దూరం ఎక్కితే, జానెడుకు మించని చేప ఒకటి కాపురముంటుంది. పచ్చటి వీపు మీద మెలికలు తిరిగిన గీతలు, పక్కల ఎర్రటి చుక్కలు, రెక్కల అంచున తెల్లటి గీత. పుస్తకాల్లో దాని పేరు బ్రూక్ ట్రౌట్. ఆ కొండల్లో పుట్టిపెరిగినవాళ్లు మాత్రం స్పెక్ అంటారు. ట్రౌట్ జాతుల్లో ఈ కొండలకు స్వంతమైనది ఇదొక్కటే. రెయిన్‌బో, బ్రౌన్ ట్రౌట్‌లు బయటినుంచి తెచ్చి వదిలినవి.

వర్షాలున్న ఏడాది ఈ చేపను పట్టడం పెద్ద కష్టమేమీ కాదు. నురగ, అలలు మనిషిని దాచేస్తాయి, నీటి హోరు అడుగుల చప్పుడును మింగేస్తుంది. 2007లో వచ్చినట్టు గట్టి కరువు వస్తే ఆ మరుగులన్నీ పోతాయి. వాగు చిక్కిపోయి, రాళ్ల మధ్య విడివిడి మడుగులుగా, వాటిని కలిపే సన్నటి ధారలుగా మిగులుతుంది. నీళ్లు అద్దంలా ఉంటాయి. ఈ విద్యలో అసలు పనితనం అప్పుడే బయటపడుతుందని నా నమ్మకం.

వానలు లేకపోయినా వాగు పూర్తిగా ఎండదు. కొండ మట్టిలో, రాతి చీలికల్లో ఇంకిన నీరు ఊటగా దిగుతూనే ఉంటుంది. పగలు అడవి చెట్లు ఆ నీటిని వేళ్లతో లాగేసుకుంటాయి, రాత్రి ఆ పని తగ్గుతుంది. అందుకే ఎండిన వేసవిలో చిన్న వాగులు సాయంత్రానికి కాస్త తగ్గి, తెల్లవారేసరికి కాస్త పుంజుకుంటాయి. స్మోకీలకు దక్షిణాన, 1934లో మొదలైన కొవీటా జలపరిశోధన కేంద్రం అడవికీ వాగుకీ మధ్య జరిగే ఈ ఇచ్చిపుచ్చుకోవడాలనే దశాబ్దాలుగా కొలుస్తోంది. పాత గాలగాళ్లు కొలతలేవీ లేకుండానే వేకువన బయల్దేరేవారు. ఆ వేళ నీరూ ఎక్కువ, చల్లదనమూ ఎక్కువ.

ఇక చేప చూపు సంగతి. నీటిలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగుతుంది కనుక, బావి అడుగున నిలబడి పైకి చూసినవాడికి లోకం గుండ్రటి ముక్కగా కనిపించినట్టు, చేపకు పైలోకమంతా 97 డిగ్రీల గరాటులో ఇమిడి కనిపిస్తుంది. ఆ గుండ్రానికి అంచున, అంటే నీటిమట్టానికి బాగా దగ్గరగా ఉన్నవన్నీ నలిగిపోయి, మసకబారి ఉంటాయి. నిటారుగా నిలబడ్డ మనిషి దానికి స్పష్టంగా దొరికిపోతాడు. మోకాళ్ల మీద పాకేవాడు ఆ మసకలో కలిసిపోతాడు. వాగు వేటలో మోకాళ్లు అరిగిన ప్యాంట్లే ఎక్కువ కనిపించడానికి కారణమిదే.

చేప ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి నిలుస్తుంది, తిండి అటునుంచే వస్తుంది మరి. కాబట్టి దిగువనుంచి, దాని వెనకనుంచి వెళ్లాలి. నీళ్లలోకి దిగకూడదు. ఒక్క అడుగు వేస్తే పుట్టే అల మడుగంతా పాకుతుంది. అందరూ మరిచిపోయేది మడుగు తోక, నీరు పలచబడి కిందికి జారే చోటు. అక్కడ తరచూ ఓ చిన్న చేప నిలబడి ఉంటుంది. అది బెదిరి పైకి దూసుకెళ్లిందంటే, తలవైపు నురగ కింద ఉన్న పెద్ద చేపలన్నీ రాళ్ల కిందికి దూరిపోతాయి. మడుగును చూస్తూ కదలకుండా కూర్చోవడం, ముందు ఆ చిన్నదాన్ని కనిపెట్టడం గాలం విసరడం కన్నా పెద్ద విద్య.

విసరడానికి చోటు కూడా ఉండదు. రెండు గట్ల నుంచీ రోడోడెండ్రాన్ కొమ్మలు వంగి వాగు మీద పందిరి వేసేస్తాయి. అక్కడ బాణం విసురు ఒక్కటే గతి. ఎరను గాలం వంపు దగ్గర వేళ్లతో పట్టుకుని, దారం లాగి కర్రను విల్లులా వంచి, వదిలేయాలి. కొమ్మల కింది సందులోంచి ఎర సూటిగా వెళ్లి నీటిమీద వాలుతుంది. అద్దంలాంటి నీటిలో మొదటి విసురే లెక్క, రెండోది చాలావరకు వృథా.

ఎరలో కూడా వేసవి మార్పు తెస్తుంది. వసంతంలో వాగులోంచే పురుగులు రెక్కలొచ్చి లేస్తాయి. ఆగస్టు నాటికి వాటి జోరు తగ్గి, చెట్లమీదనుంచి రాలే చీమలు, పెంకుపురుగులు, ఆకుపచ్చ గొంగళిపురుగులు చేపకు ఆధారమవుతాయి. అందుకే చిన్న నల్లచీమ ఆకారంలో దారంతో చుట్టిన ఎర ఎండిన వాగులో అంత బాగా పనిచేస్తుంది. ఈ కొండల పాత ఎర యాలర్‌హామర్. పసుపు ఈకల వడ్రంగిపిట్ట రెక్క ఈకను చీల్చి గాలానికి చుట్టేవారు. వలస పక్షుల రక్షణకు 1918లో వచ్చిన చట్టంతో ఆ పిట్టను చంపడం నేరమైంది. ఇప్పుడు వేరే ఈకలకు పసుపు రంగు అద్ది అదే పద్ధతిలో చుడుతున్నారు. పిట్టా మిగిలింది, పనితనమూ మిగిలింది.

ఈ సరంజామాలో నేను అన్నింటికన్నా ముందు పెట్టేది థర్మామీటర్. పది డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీరు దాదాపు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలదు, ఇరవై దగ్గర 9 మాత్రమే. నీరు వేడెక్కేకొద్దీ చేప ఒంటికి గాలి అవసరం పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది. అలాంటి నీటిలో గాలానికి పెనుగులాడిన చేప, వదిలేశాక చక్కగా ఈదుకుంటూ వెళ్లినట్టే కనిపించి, తర్వాత చనిపోవచ్చు. అందుకే నీరు 20 డిగ్రీలకు చేరితే కర్ర మడిచేయాలన్నది గాలగాళ్లలో బలపడిన కట్టుబాటు. స్పెక్ కోసం వెళ్లేవాళ్లు అంతకు ముందే ఆగడం మేలు. పశ్చిమాన మోంటానా రాష్ట్రం ఇలాంటి కట్టుబాటునే ఉత్తర్వుగా మార్చింది. నదుల్లో నీరు వరసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారెన్‌హీట్‌ను తాకితే మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా వేట ఆపేయించే అవకాశం అక్కడుంది. చేప పట్టినా ముల్లు లేని గాలం, తడి చేతులు, నీటిలోనే విడిపించడం తప్పనిసరి. పొడి చేయి తగిలితే ఒంటిమీది జిగురు పొర ఊడిపోతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకో ఈ చేప చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలప కంపెనీలు కొండలను నరికేశాయి. నీడ పోయి నీరు వేడెక్కింది, మట్టి కొట్టుకొచ్చి గుడ్లు పెట్టే గులకరాళ్లను కప్పేసింది. తర్వాత వదిలిన రెయిన్‌బోలు మిగిలిన చోటును ఆక్రమించాయి. స్పెక్ తన పాత నెలవులో దాదాపు ముప్పావు వంతు పోగొట్టుకుని, మూడు వేల అడుగులకు పైనున్న సన్నటి వాగుల్లోకి జరిగిపోయింది. 1976లో ఈ కొండల్లోని జాతీయ పార్కు దాని వేటను నిషేధించింది. మళ్లీ తలుపు తెరిచింది 2006లో. ఈ మధ్యలో, ఆ తర్వాతా, లిన్ క్యాంప్ ప్రాంగ్ లాంటి వాగుల్లో రెయిన్‌బోలను తొలగించి స్పెక్‌ను తిరిగి నాటే పని సాగింది. దిగువనుంచి రెయిన్‌బోలు మళ్లీ ఎక్కిరాకుండా అక్కడి జలపాతమే అడ్డుగోడ. ఇలాంటి పనుల్లో గాలగాళ్లు స్వచ్ఛందంగా చేయి కలిపారు. వేటగాడే కాపలాదారు కావడం ఈ సంప్రదాయంలో నాకు అన్నింటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. ఏ మడుగులో ఊట చల్లగా దిగుతుందో, ఏ హెమ్‌లాక్ చెట్టు ఎండితే ఏ మలుపు వేడెక్కుతుందో మోకాళ్ల మీద పాకినవాడికే తెలుస్తుంది.

ఈ కాపలాలో గాలం పట్టనివాళ్లకూ పని ఉంది. నీరు తగ్గినప్పుడు రాళ్లు పేర్చి పిల్లలకోసం చిన్న ఆనకట్ట కట్టడం చాలామందికి సరదా. ఆ రాళ్ల కిందే హెల్‌బెండర్ అనే పెద్ద సాలమాండర్ గుడ్లు పెడుతుంది, పురుగులు పెరుగుతాయి, వాటిని తిని చేపలు బతుకుతాయి. పేర్చిన రాళ్లు సన్నటి ధారను ఆపి, నిలిచిన నీటిని ఎండకు అప్పగిస్తాయి. పార్కులో వాగు రాళ్లను కదపడం నిషేధం. కాళ్లు తడుపుకోవచ్చు, పిల్లలను ఆడించుకోవచ్చు. రాళ్లను మాత్రం ఉన్నచోటే ఉండనివ్వండి.