సుబ్బి నెవరడిగిరి?

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892వ సంవత్సరమున విజయనగరమున తొలుత ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడినది. 1909లో గ్రంథకర్త దానిని పెంచి, మార్చి, రెండవ కూర్పుగా ప్రకటించెను. నాటినుండి దీనిని గూర్చి వెలువడిన విమర్శనములకు లెక్కలేదు. గిరీశము మాటకారితనమును, మధురవాణి చాతుర్యమును, వాడుకభాష సొగసును మెచ్చనివారు లేరు. మేమును మెచ్చినవారమే. అయినను, ఈ నాటకమును చదివి ముగించినప్పుడెల్ల మాకొక సందేహము మిగులుచున్నది. కథ యంతయు నే బాలిక పెండ్లిచుట్టు తిరుగుచున్నదో, ఆ సుబ్బిని ఒక్కరైనను ఒక్కమాట యడిగిరా?

తండ్రియగు అగ్నిహోత్రావధానులు ఆమెను పదునెనిమిది వందల రూపాయలకు వృద్ధుడగు లుబ్ధావధానులకు ఒప్పజూపెను. తల్లి వెంకమ్మ వలదని యేడ్చి, తన మాట చెల్లమి నూతిలో పడెను. మేనమామ కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడువేషము వేసి, ఆ ముసలివానికి కట్టబెట్టి, ఈ పెండ్లి తప్పింపజూచెను. అమ్మజూచినవారును కాపాడజూచినవారును గలరు గాని, సుబ్బి నడిగినవారు లేరు. పసిపిల్ల నేమని యడుగుదురని చదువరు లనవచ్చును. మా వాదమునకు మూలమదియే. అడిగినను బదులు చెప్పజాలని వయస్సు గనుకనే అది పెండ్లికి తగిన వయస్సు కాదు. పసిబిడ్డ ఔనన్నను అది యంగీకారము కానేరదు.

1897 నాటి ఆంగ్లపీఠికలో గ్రంథకర్త, విజయనగర మహారాజుగారు చేయించిన లెక్కలను ఉదాహరించినాడు. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో సామాన్య బ్రాహ్మణ కుటుంబములయందు జరిగిన శుల్కవివాహములు 1034 ఆ పట్టికకెక్కినవి. అందు అయిదేండ్ల పెండ్లికూతుండ్రు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాదిబిడ్డలు ముగ్గురు. ఈ అంకెలను చదివిన పిమ్మట కన్యాశుల్కమును కేవలము ప్రహసనమని యెవరనగలరు? ఆటలాడవలసిన యీడును అంగడి కెక్కించుటయే ఇందలి పాపము. ధర యెంతయన్నది తరువాతి మాట.

ఈ దృష్టితో చూచినచో నాటకమునందలి ప్రతి వయస్సును తనకు రావలసినదానిని పోగొట్టుకొన్నట్లే కన్పట్టును. వెంకటేశము చదువుకొను కుర్రవాడు. మీసము మొలకెత్తు ఆ దశలో బాలునకు కావలసినది నిజము చెప్పు పెద్దవాడు. వానికి దొరకినది తండ్రి కోపమును, గిరీశము నేర్పిన చుట్టలును కోతలును. లుబ్ధావధానులు వృద్ధుడు, ఆ వయస్సునకు శాంతియు, ఇంటివారి యాదరమును భూషణములు. అతడు వితంతువగు కూతురు మీనాక్షి దుఃఖమును కన్నెత్తి చూడక, మనుమరాలి యీడు పిల్లను పెండ్లాడ బయలుదేరి, కడకు హత్యానేరమున చిక్కుకొనెను. బాల్యమును దోచుకొనిన వార్ధక్యమునకును సుఖము లేదని కవి చూపినాడు.

ఇక బుచ్చమ్మ. ముసలివానికి అమ్ముడువోయి వితంతువైన ఈమె సుబ్బివలె పసిది కాదు. ప్రశ్నకు బదులు చెప్పగల వయస్సు ఆమెకు వచ్చినది. ఈమెనైన నిజాయితీతో అడిగినవారు గలరా? గిరీశము అడిగినాడు, కాని తనతో వచ్చినచో సుబ్బి పెండ్లి తప్పిపోవునని చెప్పి, చెల్లెలియందలి ప్రేమనే యెరగా చేసికొన్నాడు. ఎరజూపి రాబట్టిన ఔను, డబ్బిచ్చి కొన్న కన్యకంటె ఎంత మేలు? వీరందరినడుమ, చెడనివారిని చెడగొట్టరాదన్న నియమమును పాటించునది వేశ్యయగు మధురవాణి యొక్కతె. ఎదుటివారి బ్రతుకున తాను దాటరాని గీత యొకటి కలదని ఎరుగుటయే గౌరవము. దానిని శాస్త్రము చదివిన అవధానులకంటె ఆమెయే బాగుగ నెరుగును.

ఇచ్చట మేము గ్రంథకర్తతో సైతము కొంత వాదమాడదలచితిమి. సంస్కర్తయగు సౌజన్యారావు గిరీశము గుట్టు తెలిసికొని, బుచ్చమ్మను పూనాలోని వితంతుశరణాలయమునకు పంప నిశ్చయించెను. నిశ్చయము మంచిదే, ఆమెకు చదువబ్బును, వంచకుని బారి తప్పును. కాని ఈ తీర్పు వెలువడునప్పుడు బుచ్చమ్మ రంగమున లేదు. తండ్రి అమ్మెను, గిరీశము లేవదీసెను, సంస్కర్త పంపెను. క్రియలు మారినవి గాని, కర్మస్థానము నుండి ఆమె కదలలేదు. ఇది కవి చూపిన నాటి సంస్కరణోద్యమ లోపమో, కవి తలపునకే రాని లోపమో తేల్చుట కష్టము. ఎట్లైనను, దయకును గౌరవమునకును గల భేద మిచ్చట స్పష్టమగుచున్నది.

ఆ దురాచారము పోయినది గదా, ఈ చర్చ యేలయని యనువారు గలరు. 1929 నాటి శారదాచట్టము బాలికల కనీస వివాహవయస్సును పదునాలుగేండ్లుగా నిర్ణయించెను. 1978లో అది పదునెనిమిదికి పెరిగెను. అయినను 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనట్లు తేలినది. తెలంగాణమున నూటికి 23 మందికి పైగా అట్టివారే. వరుడు సొమ్మిచ్చుట పోయి, వధువు తండ్రి యిచ్చుట వచ్చినది, బేరము పోలేదు.

కావున ఈ నాటకమును చదివి నవ్వినవారు, పుస్తకము మూసిన వెనుక తమ యింటిని ఒక్కసారి కలయజూడవలెనని మా మనవి. పసివారిని బదులు చెప్పగల యీడు వచ్చువరకు పెరుగనిచ్చుట, ఈడు వచ్చినవారిని ఎరజూపక, బెదరింపక అడుగుట, వారు కాదన్నచో ఆ మాటను మన్నించుట—ఈ మూడును గల యింట ఆలుమగల నడుమను, తల్లిదండ్రులకు బిడ్డలకు నడుమను మర్యాద నిలుచును. లేనియింట శుల్కము పుచ్చుకొనకపోయినను సుబ్బి యున్నట్లే.